తెర కింది చెప్పులు

"కూర్చో అవ్వా."

"నేను కూర్చోను."

"పొద్దన్నుంచి నిలబడే వుండావు. కాళ్ళు వాచిపోతాయి."

"వాచనీ. కోడలు పైన కూర్చుంటే అత్త కింద కూర్చునే ఇల్లు కాదు ఇది."

గోపమ్మ పంచలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. కాఫీ నిలబడే తాగింది. రాగి సంకటి నిలబడే తిన్నది. కంచం కడిగి బోర్లించి మళ్ళీ వచ్చి అదే స్తంభాన్ని పట్టుకున్నది. కొట్లాడే మనిషితో ఎవరైనా కొట్లాడవచ్చు. ఊరికే నిలబడే మనిషితో ఏం చేస్తారు?

ఆమెకు ఎదురుగా కోడలు ధనలక్ష్మి స్టూలు మీద కూర్చుని చింతపండు కొడుతోంది. ముందర బల్ల. బల్ల మీద నల్లరాయి. చేతిలో జానెడు ఇనుప కమ్మి. ఠక్‌మని ఒక దెబ్బ, పండు నోరు తెరుస్తోంది, గింజ కింద పడుతోంది. వాకిలంతా పులుపు వాసన.

ఆ స్టూలు ఈ ఇంట్లో ఎవరూ కూర్చోవడానికి కొన్నది కాదు. గోడ మీద ఉన్న పెద్దాయన ఫోటోకు పూలమాల వేయడానికి ఎక్కే స్టూలు. నిన్న సాయంత్రం మనవరాలు మోహనప్రియ దాన్ని తుడిచి తెచ్చి అమ్మకు వేసింది. అప్పుడు మొదలైంది ఈ గొడవ.

"ఫిజియో మేడం క్లియరా చెప్పింది అవ్వా. మోకాలి కంటే నడుము ఎత్తులో వుండాలంట. నేల మీద కూర్చోని మోకాలు గుండెకు ఆనించి కొడితే నొప్పి ఏ జన్మకూ పోదంట."

"ఆ మేడమ్ము ఎప్పుడైనా చింతపండు కొట్టిందా? మా అత్త కొట్టె. నేను కొడితి. ఎవురికీ రాని తుంటి నొప్పి దీనికే వచ్చె!"

అని, గోపమ్మ ఎందుకో ఆగింది. స్తంభం మీద చెయ్యి మార్చుకున్నది. బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదకు మార్చుకున్నది.

"నిలబడి నిలబడి నువ్వూ స్తంభం అయిపోతావు. అంజప్ప మామ వస్తే ఏ స్తంభానికి దండం పెట్టేదని అడుగుతాడు," అన్నది మోహనప్రియ.

ఎవరూ నవ్వలేదు. అన్న అంజప్ప పేరు వినగానే ధనలక్ష్మి చేతిలో కమ్మి ఒక దెబ్బ తప్పింది.

"నా చేత్తో ఆముదం వేసి నీవితి," అన్నది గోపమ్మ. "సాయంకాలమైతే కాలు పట్టి లాగితి. నరం పట్టిందని నా బలమంతా వేసి నొక్కితి. కన్నతల్లి చేస్తుందా అట్ల? అంతా తప్పంట. నేను లాగబట్టే ఎక్కువయిందంట!"

"తప్పని ఎవరు చెప్పినారు? లాగద్దు అనింది అంతే."

"అదే గదే తప్పు అంటే!"

ధనలక్ష్మి తల ఎత్తలేదు. "అత్తా, నీ చెయ్యి నాకు తెలుసు," అన్నది మెల్లగా. "నీ చేతిలో తప్పు లేదు. నొప్పికి నీ చేతి సంగతి తెలవదు."

గోపమ్మ స్తంభం మీద పట్టు కొంచెం సడలించింది. కానీ కూర్చోలేదు.

ఈ ఇంట్లో ఆడవాళ్ళకు నేలే. కాపురానికి వచ్చిన నాటి నుంచి గోపమ్మ కుర్చీ ఎక్కలేదు. మొగుడు ఉన్నప్పుడు మొగుడి ముందర, పోయాక మొగుడి ఫోటో ముందర. ఆ పెద్దాయన ఎలాంటివాడో తమిళనాట ఈ సోగత్తూరు ఊరంతటికీ తెలుసు. పెళ్ళాన్ని ఇక్కడ పెట్టి అదియమాన్‌కోట్టైలో ఇంకో ఇల్లు పెట్టినవాడు. అయినా ఫోటోకు ఏటేటా మాల పడుతూనే ఉంది. చచ్చినవాడి తప్పులను పూలు బాగా కప్పుతాయి.

లోపల తలుపు దగ్గర సీనప్ప నిలబడి ఇదంతా వింటున్నాడు. ధనలక్ష్మి మొగుడు. వినడం ఈ మధ్య అతనికి అలవాటైంది. మాట్లాడడమే రావడం లేదు.

మాట్లాడవలసిన దానికంటే ఎక్కువ పోయిన శుక్రవారం మాట్లాడేశాడు. కులపెద్దల ముందర, బావమరిది అంజప్ప ముందర, నెత్తి మీద టవలు తీసి భుజాన వేసుకుని మరీ అన్నాడు: "రెండేండ్లుగా నాకు పెండ్లాము లేదు. కాలు నొప్పి అంటాది. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు. దీనికి నా మీద మనసు లేదు. మనసు ఎక్కడ వుండాదో మీరే అడగండి."

చివరి మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. పెద్దలు తలలు వంచుకున్నారు. వారం రోజులు చూసి, మాట కలవకపోతే అన్న వచ్చి చెల్లెల్ని తోడుకుపోవాలని తీర్పు చెప్పారు.

ఈ రోజు మళ్ళీ శుక్రవారం.

* * *

మొన్న ధనలక్ష్మిని ధర్మపురికి తీసుకుపోయింది కూడా సీనప్ప మంచితనం కాదు. కూతురి నోరు. "పంపించేది పంపిస్తావు, ఒకసారి చూపించి పంపు నాయనా. ఆవుకు జబ్బు చేస్తే చూపించవా?" అన్నది మోహనప్రియ. ఆవు మాట రోషం తెచ్చింది. అందుకు పోయాడు.

బస్టాండు వెనక వీధిలో, మేడ మీద ఉంది ఆ గది. నడవలేనివాళ్ళకు వైద్యం చేసే గది మెట్లెక్కి పైన! లోకం తీరే అంత. ధనలక్ష్మి ఒక్కో మెట్టుకూ ఆగి, తొడ మొదట చెయ్యి పెట్టుకుని ఎక్కింది. సీనప్ప ముందే ఎక్కి పైనుంచి చూస్తూ నిలబడ్డాడు.

ఫిజియో పేరు విజి. ముప్పై కూడా ఉండవు. తమిళంలో గబగబా మాట్లాడే పిల్ల. రెండు కుర్చీలుంటే సీనప్ప ఒకదాంట్లో కూర్చున్నాడు. ధనలక్ష్మి గోడ పక్కన నిలబడింది.

"ఇంకో కుర్చీ ఉంది కదమ్మా?"

ధనలక్ష్మి మొగుడి వైపు చూసింది. మొగుడు ఫ్యాను వైపు చూశాడు. ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చోబోయింది.

విజి వచ్చి రెక్క పట్టుకుని ఆపింది. "నా గదిలో నేల మీద ఎవరూ కూర్చోకూడదు," అన్నది. నవ్వుతూనే అన్నది. కానీ సీనప్పకు అది తగిలింది.

ఎక్స్‌రే కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. "ఎముక బాగానే ఉంది."

"అదే మేడం నేనూ చెప్తా వుండేది! పెద్ద డాక్టరు కూడా ఏమీ లేదన్నాడు."

"ఎముకలో ఏమీ లేదన్నాడు. ఈమెకు ఏమీ లేదని అన్నాడా?"

సీనప్ప ఎక్స్‌రే కవరును ఒళ్ళో సర్దుకున్నాడు.

నొప్పి ఎక్కడో చూపించమంటే ధనలక్ష్మి వేలు పెట్టలేదు. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు ముందుకు వచ్చేలా తుంటిని చేత్తో పుడిసిలిలా పట్టుకున్నది. గజ్జ దగ్గర, తొడ మొదలయ్యే చోట. విజి తల ఊపింది. ఇలా పట్టుకునేవాళ్ళను చాలామందిని చూసినట్టు ఊపింది.

బల్ల మీద పడుకోబెట్టి మోకాలిని పొట్ట వైపు తెచ్చి, కొంచెం లోపలికి తిప్పింది. ధనలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చోబెట్టి, మోకాలిని పైకెత్తమని, పైనుంచి అరచేత్తో ఆపింది. ఎడమ కాలు చేతిని తోసింది. కుడి కాలు వణికి దిగిపోయింది.

"ఏం పని చేస్తావు?"

"చింతపండు కొడతాను."

"ఎలా కూర్చుని? ఇక్కడ బల్ల మీదనే చూపించు."

ధనలక్ష్మి చూపించింది. ఎడమ కాలు మడిచి కింద, కుడి మోకాలు నిలబెట్టి గుండెకు ఆనించి, దాని మీదికి వంగి. పుట్టింట్లో చిన్నపిల్లగా నేర్చుకున్న కూర్చోవడం. చింతచెట్లు గుత్తకు తీసుకునే ఇళ్ళలో ఆడవాళ్ళందరి కూర్చోవడం.

విజి ఆమె గజ్జ మడతలో వేలు పెట్టింది. "తలుపు పూర్తిగా మూస్తే బందు దగ్గర ఏముంటుంది? సందు ఉండదు. అక్కడ గుడ్డ ఇరుక్కుంటే నలుగుతుంది. నువ్వు పొద్దంతా ఆ తలుపును బిగించి మూసి, దాని మీద వంగి పని చేస్తున్నావు. లోపల మెత్తని భాగం నలుగుతోంది. కాలెత్తే కండరం నడుము లోపలి నుంచి వచ్చి సరిగ్గా ఇక్కడి నుంచే దిగుతుంది. అదీ అలిసిపోయింది."

"నరం పట్టిందని మా అత్త రోజూ లాగుతాది మేడం."

"పట్టేసిందనుకుంటే అందరూ లాగుతారు. ఇది పట్టేసింది కాదు, బలం పోయింది. బలం లేనిదాన్ని లాగితే ఇంకా ఏడుస్తుంది. లాగొద్దు. ముందువైపు నొక్కొద్దు. ఎత్తులో కూర్చో. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ నడుమ దిండు పెట్టుకో." ఆమె చేతులను ఆమె మోకాలి మీదే పెట్టించి, మోకాలితో పైకి తోయమని, చేతులతో ఆపమని చేయించింది. కాలు కదలకూడదు, కండరం మాత్రం పని చేయాలి. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు నిలబెట్టి, నడుము పైకెత్తించింది. "మెల్లగా పెంచుదాం. ఒక వారంలో పోయేది కాదు. నెలలు పడుతుంది. కానీ తగ్గుతుంది."

తగ్గుతుంది అన్న మాటకు ధనలక్ష్మి ఏడ్చింది. రెండేళ్ళలో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే.

అప్పుడు విజి తెర లాగింది. "అన్నా, మీరు కొంచెం బయట ఉండండి."

బయట బెంచీ ఉంది. సీనప్ప బెంచీ దాకా పోలేదు.

తెరంటే పలచని పచ్చగుడ్డ. దానికి చెవులు అడ్డుకునే శక్తి ఎక్కడిది?

"ఇంట్లో ఆయనతో ఉన్నప్పుడు కూడా నొప్పి ఉంటుందా అమ్మా? ఇది అందరినీ అడిగేదే. సిగ్గుపడకు."

వీధిలో బస్సు హారన్. తర్వాత ధనలక్ష్మి గొంతు, తనది కానట్టు:

"అప్పుడే ఎక్కువ. కాలు పక్కకు తీసేకి రాదు. ముందు పండ్లు కరుచుకోని వుంటిని. తరువాత నాతో కాలేదు."

"ఆయనకు చెప్పావా?"

"ఎట్ల చెప్పేది మేడం? తలనొప్పి అంటే చెప్పొచ్చు. దీన్ని ఏ పేరు పెట్టి చెప్పేది? గోడ పక్కకు తిరిగి పడుకొంటిని. ఆయన ఇంకేమో అనుకొన్నాడు."

సీనప్ప ఎదురుగా గోడ మీద మనిషి అస్థిపంజరం బొమ్మ ఉంది. తుంటి దగ్గర ఎర్ర చుక్క పెట్టి ఉంది. ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు విజి మెట్ల దాకా వచ్చి నేర్పింది. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మరిచిపోవద్దు." ధనలక్ష్మి గొణుక్కుంటూ దిగింది. ఎక్కేటప్పుడు మంచిది, దిగేటప్పుడు నొప్పిది.

సీనప్ప వెనకాలే దిగాడు.

* * *

చింతకాయ పెంకులు పోసే కుప్ప ఇంటి వెనకాల ఉంది. ఈ శుక్రవారం పొద్దున సీనప్ప అక్కడికి పోయి బీడీ ముట్టించుకున్నాడు. ధనలక్ష్మి పెంకుల గంప చంకన పెట్టుకుని వచ్చింది. కుప్ప మీద పోసింది. పోలేదు.

"బస్సు వచ్చే పొద్దు అయింది," అన్నది.

"ఊఁ."

"మా అన్న వస్తాడు."

"తెలుసు."

"నువ్వు ఒక మాట చెప్తే నేను పోను."

సీనప్ప బీడీ పొగలోంచి చూశాడు. "ఏం మాట?"

"నీకు తెలిసిన మాట."

"నాకేం తెలుసు?"

ధనలక్ష్మి గంపను బోర్లించి తట్టింది. "తెర కింద నీ చెప్పులు కనపడినాయి," అన్నది.

బీడీ అతని వేళ్ళ నడుమ ఆగింది.

"కుడి చెప్పుకు వారు తెగితే నేనే కుట్టించినాను. నల్ల చెప్పుకు ఎర్ర దారం. బల్ల మీద పడుకోని నేను ఆ ఎర్ర దారాన్నే చూస్తా వుంటిని. పోతాయేమో అని చూస్తిని. పోలేదు. అందుకే ఆ మేడం అడిగినదానికంతా చెప్పినాను. నీకు ఎదురుగా చెప్పేకి కాలేదు. నీ చెప్పులకు చెప్పినాను."

"వినాలని నిలబడలేదు నేను."

"నిలబడినావు గదా. చాలు." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి కష్టంగా ఉంది. "పెద్దోళ్ళ ముందర నా మనసు ఎక్కడ వుండాదో అడగండి అంటివి. మా అన్న తల వంచుకోని పోయినాడు. ఆ మాట ఆయన ముందర తీసెయ్యి. దీనికి నిజంగా నొప్పే, నేను తప్పుగా అనుకొంటిని అని చెప్పు. అంతే. నాకు ఇంకేమీ వద్దు."

"అట్లాంటి మాట మగోళ్ళ ముందర ఎట్ల చెప్పేది?"

ధనలక్ష్మి అతని ముఖం వైపు సూటిగా చూసింది.

"పోయిన వారం చెప్పేటప్పుడు వాళ్ళు మగోళ్ళు కాదా?"

గంప ఎత్తుకుని పోయింది. కుడి కాలు కొంచెం ఈడుస్తూ. ఆ ఈడ్పును రెండేళ్ళుగా చూస్తున్నాడు. రెండేళ్ళుగా దాన్ని నాటకమనుకున్నాడు.

* * *

అంజప్ప తన ఊరు పాపిరెడ్డిపట్టి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. మంచి పంచె, భుజాన తువ్వాలు, చావింటికి వచ్చినవాడిలా ముఖం. మోహనప్రియ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దు పాపా."

"నీళ్ళు మామా."

"తెలుసు. వద్దు."

అందరికీ అర్థమైంది. నీళ్ళు తాగితే చుట్టం. తాగకపోతే లెక్క తేల్చుకునేందుకు వచ్చిన మనిషి.

అంజప్ప మంచం మీద కూర్చున్నాడు. స్తంభం పట్టుకున్న గోపమ్మనూ, స్టూలు మీద ఉన్న చెల్లెల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, పెద్దావిడ నిలబడింటే నువ్వు పైన కూర్చోనుండావు?"

"నొప్పికి అన్నా. వైద్యం."

"వైద్యమా?" అంజప్ప సీనప్ప వైపు తిరిగాడు. "ఏమీ లేదనంటివే బావా? ఏమీ లేనిదానికి వైద్యం యాల?"

సీనప్ప గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇదే చోటు. ఇదే పొద్దు. తలుపు తానే తెరుచుకున్నట్టు బావమరిది మాట అందించాడు. అవును బావా, నొప్పి నిజమే, అని ఊరికే అందుకుంటే చాలు.

ధనలక్ష్మి కమ్మిని బల్ల మీద పెట్టింది. మొగుణ్ణి చూడలేదు. అతని కాళ్ళ వైపు చూస్తోంది. ఎర్ర దారం కుట్టిన చెప్పు వైపు.

"ఏమన్నా చెప్పేది వుంటే చెప్పు బావా. నేనూ ఒక ఇంటి మగోన్నే, మనసులో పెట్టుకోను. లేదంటే బస్సు వుండాది."

సీనప్ప టవలు తీశాడు. ముఖం తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు. నోట్లో మాట ఉంది. దాని బరువూ తెలుస్తోంది. దాన్ని బయట పెట్టాలంటే పోయిన శుక్రవారం నాటి సీనప్పను పదిమందిలో చెప్పుతో కొట్టాలి. అంత ధైర్యం ఎందరికుంటుంది? పెళ్ళాన్ని కొట్టడం తేలిక.

"పెద్దోళ్ళు చెప్పినారు గదా," అన్నాడు. "అట్లే కానీ."

వాకిట్లో ఎండబెట్టిన చింతపండు మీద ఈగలు ముసిరే చప్పుడు వినబడింది.

"నాయనా!" అన్నది మోహనప్రియ.

ధనలక్ష్మి తలూపింది. తనకు తాను ఊపుకున్నట్టు. చేతులకు అంటిన పులుపును కొంగుకు తుడుచుకున్నది. "బట్టలు సర్దే వుండాయి అన్నా," అన్నది.

"అంజప్పా."

ఆ పిలుపు స్తంభం దగ్గర నుంచి వచ్చింది.

"వాడు చెప్పిన మాట అబద్ధం. దానికి నొప్పి నిజం."

"అమ్మా, నువ్వు వూరకుండు," అన్నాడు సీనప్ప.

"ఇన్నేండ్లు వూరకనే వుండానురా!" గోపమ్మ స్తంభాన్ని వదల్లేదు. "దానికి ఎక్కడ నొస్తాదో ఆ మేడమ్ము చెప్పాల్సిన పని లేదు. నాకు తెలుసు. ఇక్కడ." తన తుంటిని చేత్తో పట్టుకున్నది. బొటనవేలు వెనక్కి, వేళ్ళు ముందుకు. ధనలక్ష్మి పట్టుకున్నట్టే, పుడిసిలిలా. "నాకూ వుండె. వీడు పాలు మరిచిన నాటి నుంచి. చింతపండు కొట్టి లేస్తే సూది గుచ్చినట్ల. రాత్రి నా మొగుడు చెయ్యి వేస్తే గోడ పక్కకు తిరిగితి. ఎన్నాళ్ళు తిరిగేది? ఆయన అదియమాన్‌కోట్టై దోవ పట్టినాడు."

ఫోటోలో పెద్దాయన మాల వెనక నుంచి ఎప్పటిలాగే చూస్తున్నాడు.

"గోపమ్మ మొండిది, మొగుణ్ణి నిలుపుకోలేకపాయ అని వూరంతా అనె. నేనూ అట్లే అనుకొంటి. నాలోనే ఏమో తప్పు వుండాదని. అది జబ్బు అని, దానికి వైద్యం వుండాదని నాకు ఎవురు చెప్పినారు? ఈ వయసులో, నిన్న, ఈ పిల్ల నోట వింటిని."

"అత్తా..." ధనలక్ష్మి గోపమ్మ వైపు తిరిగింది. "నీకు తెలుసా? పోయిన వారం ఈయన అట్ల అనేటప్పుడే తెలుసా?"

గోపమ్మ కోడలి వైపు చూడలేక నేల వైపు చూసింది.

"తెలుసు."

"తెలిసీ వూరకుంటివా?"

"నోట్లో మాట వుండె. మింగితి." ముసలామె చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "నాకు లేని న్యాయం దీనికి యాల అనుకొంటి తల్లీ. అంత పాపిష్టి బుద్ధి పుట్టె నాకు. నా దినాలన్నీ గోడ పక్కకే పాయె, దీనివి కూడా పోనీ అనుకొంటి."

అంజప్ప తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

అప్పుడు గోడ వదిలి ముందుకు వచ్చాడు సీనప్ప. "అవును బావా," అన్నాడు. "నాకూ తెలుసు. మొన్న విన్నాను. నొప్పి నిజమే. నేను..."

"ఇంగ వద్దు," అన్నది ధనలక్ష్మి.

"చెప్తా వుండాను గదే! నువ్వు అడిగిన మాటే!"

"నేను అడిగింది పొద్దున. ఇప్పుడు నువ్వు చెప్తా వుండేది మీ అమ్మ చెప్పేసింది కాబట్టి. ఆయమ్మ తన పరువు తీసి నడిమింట్లో వేస్తే, దాని మీద కాలు పెట్టి నువ్వు దోవ దాటతా వుండావు. అది నాకు వద్దు."

స్టూలు మీద నుంచి దిగింది. నొప్పి కాలు ముందు. స్తంభం దగ్గరకు పోయి, గోపమ్మ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించింది. ముసలామె చిన్నపిల్లలా వెంట వచ్చింది. ధనలక్ష్మి రెండు భుజాలూ పట్టి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"మీ మామ చూస్తా వుండాడే," అన్నది గోపమ్మ గుసగుసగా.

"చూడనీ అత్తా."

* * *

అంజప్ప ముందు నడిచాడు. ధనలక్ష్మి వెనక. మోహనప్రియ బడి దాటిన మలుపు దాకా వచ్చి, అవ్వ ఒంటరిగా ఉందని వెనక్కి పోయింది. పోతూ తండ్రి పక్కనుంచే పోయింది. రాయి పక్కనుంచి పోయినట్టు.

సంచీ సీనప్ప మోస్తున్నాడు. ఎవరూ మోయమనలేదు. ఎవరూ వద్దనలేదు.

ధర్మపురి టౌన్ బస్సు వచ్చింది. అంజప్ప ఎక్కి సంచీ అందుకున్నాడు. మెట్టు ఎత్తులో ఉంది. ధనలక్ష్మి దాని ముందర ఆగింది, తొడ మొదట చెయ్యి పెట్టుకుని.

సీనప్ప చెయ్యి చాపాడు.

పెళ్ళైన ఇన్నేళ్ళలో పదిమంది ముందర ఆమెకు చెయ్యి చాపడం ఇదే మొదలు. బస్సులో ఆడవాళ్ళు చూస్తున్నారు. కండక్టరు చూస్తున్నాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

ధనలక్ష్మి ఆ చెయ్యి చూసింది. ఏదో లెక్క వేసుకుంటున్నదానిలా పెదవులు కదిలాయి. ఎక్కేటప్పుడు మంచిది.

తలుపు పక్కనున్న కమ్మి పట్టుకుని, ఎడమ కాలు ముందు పెట్టి, పైకి లేచింది.

బస్సు కదిలింది. సీనప్ప చెయ్యి దించడం మరిచిపోయాడు. ఎవరో తమిళంలో, "ఏమన్నా, ఇంకో బస్సును ఆపుతున్నావా?" అని నవ్వుతూ పోయారు.

దూరంగా మలుపు దగ్గర విజిల్ వినబడింది. బస్సు ఆగింది.

అక్కడ స్టాపు లేదు. ఎవరో దిగుతున్నారు. సీనప్ప నాలుగు అడుగులు పరుగెత్తాడు. అంతలో చింతకాయ మూటల లారీ ఒకటి వచ్చి, బస్సుకూ అతనికీ నడుమ అడ్డంగా ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అటు ఏమీ కనిపించదు.

సీనప్ప రోడ్డు మీద మోకాళ్ళూనాడు. లారీ చక్రాల నడుమ సందులోంచి చూశాడు.

అవతల నేల మీద ఆడమనిషి పాదాలు రెండు. దిగేటప్పుడు ఏ కాలు ముందు పెట్టిందో చూసి ఆమేనని గుర్తుపట్టే వేళ దాటిపోయింది. పాదాలు కదలకుండా ఉన్నాయి. అవి ఇటు తిరిగి ఉన్నాయో, అటు తిరిగి ఉన్నాయో ఎండ మెరుపులో అతనికి తెలియలేదు.